ఇంట్లో పెద్దవాళ్ళకు ఆటిజం అర్థమయ్యేలా జంతువుల బొమ్మల పుస్తకం చదివి వినిపించడం ఎలా?

పిల్లవాడికి ఆటిజం ఉందని (అంటే మాటలు, చప్పుళ్ళు, మనుషులతో మెలగడం విషయంలో మెదడు వేరే తీరుగా పనిచేస్తుందని) రిపోర్టు చేతికొచ్చిన రోజు రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో ఇది చదువుతున్న చాలామందికి తెలిసే ఉంటుంది. "వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళకే మాటలొచ్చాయి" అని ఒకరంటారు. "ఆ ఫోను చేతికివ్వబట్టే" అని ఇంకొకరు, "ముందు దిష్టి తీయించండి" అని మరొకరు. మీరేమో సెన్సరీ, స్పెక్ట్రమ్, థెరపీ అంటూ అప్పుడే నేర్చుకున్న మాటలతో చెప్పబోతారు. ఆ మాటలు వింటే పెద్దవాళ్ళ కళ్ళముందు ఏమీ కదలదు. వాళ్ళకు తోచింది వాళ్ళంటారు, మీకు ఏడుపొస్తుంది, అక్కడితో ఆ సంభాషణ అయిపోతుంది.

మా ఇంట్లో రెండేళ్ళు ఇదే నడిచింది. ఆ తర్వాత పిల్లుల ఫొటోలున్న ఒక పుస్తకం దొరికింది. దాన్ని వాడుతూ, కొన్నిచోట్ల తప్పులు చేసి దిద్దుకుంటూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం చెప్పాలి. కొత్తగా ఈనిన గేదె దగ్గరికి ఎలా వెళ్ళాలో మా అత్తయ్యగారికి ఎవరూ నేర్పక్కర్లేదు. దూరంనుంచే గొంతు వినిపిస్తూ, పక్కగా నడుస్తూ, నెమ్మదిగా వీపుమీద చెయ్యి వేస్తారు. గేదె బెదిరితే తిట్టరు. ఏం చూసి బెదిరిందా అని చుట్టూ వెతుకుతారు. అదే మనవడు చెవులు మూసుకుని కేకలేస్తే "మొండితనం" అనేవారు. ఆవిడకు ఓర్పు లేక కాదు, ఆ ఓర్పు ఇక్కడ కూడా పనికొస్తుందని తట్టక. పుస్తకంతో మనం చేయాల్సిందల్లా గేదె దగ్గరున్న ఆ ఓర్పును మనవడి వైపు మళ్ళించడమే.

ఎవరికి చదువుతారో ముందే అనుకోండి

అందరినీ హాల్లో కూర్చోబెట్టి చెప్పాలని చూడకండి. నలుగురిలో ఎవరూ తమకు తెలియదని ఒప్పుకోరు. పిల్లవాడితో రోజులో ఎక్కువసేపు గడిపే ఒక్కరిని ఎంచుకోండి. మా ఇంట్లో అది నానమ్మ. మీ ఇంట్లో అమ్మమ్మ కావచ్చు, పక్క వాటాలో ఉండే పెద్దమ్మ కావచ్చు. ఆ ఒక్కరికి అర్థమైతే మిగతావాళ్ళకు వాళ్ళే చెప్పుకుంటారు, మీకన్నా బాగా చెప్తారు.

ఏ జంతువు?

ఇక్కడ తొందరపడితే మొదటికే మోసం వస్తుంది. మన భాషలో మనిషిని జంతువుతో పోల్చడమంటే ఎక్కువగా తిట్టడమే. పశువు, గాడిద, దున్నపోతు, కోతి చేష్టలు... ఆపైన పిల్లి ఎదురొస్తే కాసేపు కూర్చుని వెళ్ళే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. "మా బంగారాన్ని పిల్లితో పోలుస్తావా?" అని మా ఇంట్లోనూ మొదట్లో అడిగారు. అడగడంలో తప్పులేదు.

అందుకని పుస్తకంలో ఏ జంతువు ఉందన్నది తర్వాత, మీరు చదివి వినిపించే మనిషికి ఏ జంతువు మీద ప్రేమ ఉందో ముందు చూడండి. పాడి చేసినవాళ్ళకు ఆవు, గేదె. అపార్టుమెంట్లో పిల్లికి పాలు పోసేవాళ్ళుంటే పిల్లి. పూజా పునస్కారాలున్న తాతయ్యకు తాబేలు చాలా బాగా పనిచేస్తుంది. శ్రీకూర్మం వెళ్ళొచ్చినవాళ్ళు గుడిలో తిరిగే తాబేళ్ళను చూసే ఉంటారు. గీత రెండో అధ్యాయం 58వ శ్లోకంలో తాబేలు అవయవాలను లోపలికి ముడుచుకున్నట్టు ఇంద్రియాలను వెనక్కి తీసుకునేవాడి మాట వస్తుంది. మా నాన్నగారికి నేను ఆ శ్లోకమే గుర్తుచేశాను. అయితే అక్కడొక తేడా ఉందని కూడా చెప్పాలి. జ్ఞాని సాధనతో ముడుచుకుంటాడు, మన పిల్లవాడు బయటి గోల భరించలేక ముడుచుకుంటాడు. పైకి ఒకలాగే కనిపిస్తుంది. పిల్లవాడికి కావలసింది మెచ్చుకోలు కాదు, గోల తగ్గించడం.

పుస్తకం ఎలాంటిదంటే, జంతువు జంతువులాగే ఉండాలి. నక్క మాట్లాడి, కాకి మోసపోయి, చివర్లో నీతి వచ్చే కథలు ఈ పనికి కుదరవు. అవి వినగానే పెద్దవాళ్ళు "చూశావా, అలా చేయకూడదు" అనే దారిలోకి వెళ్ళిపోతారు. మనకు కావలసింది పిల్లి మంచం కింద ఎందుకు దూరింది, ఆవు గేటు దగ్గర ఎందుకు ఆగిపోయింది అని చూపించే ఫొటోలు.

ఇంగ్లిషులో ఈ తరహాకి పేరుతెచ్చిన పుస్తకం ఆస్ట్రేలియా రచయిత్రి క్యాథీ హూప్‌మన్‌ది. పేజీకో పిల్లి ఫొటో, పక్కన కొద్దిపాటి మాటలు, అంతే. 2006లో వచ్చినప్పుడు పేరులో 'ఆస్పెర్గర్ సిండ్రోమ్' అని ఉండేది, ఆటిజంలో ఒక రకాన్ని అప్పట్లో అలా పిలిచేవారు. 2013లో అమెరికా సైకియాట్రీ సంఘం డాక్టర్లు చూసి నిర్ధారించే తన మాన్యువల్ ఐదో కూర్పులో ఆస్పెర్గర్ అనే విడి పేరు తీసేసి అంతా ఆటిజం స్పెక్ట్రమ్ అనే ఒకే పేరు కిందికి తెచ్చింది. పుస్తకం కూడా తర్వాతి ముద్రణలో 'ఆల్ క్యాట్స్ ఆర్ ఆన్ ది ఆటిజం స్పెక్ట్రమ్' అని పేరు మార్చుకుంది. కొనేటప్పుడు ఈ కొత్త పేరున్నదే తీసుకోండి. పాత పేరుతో ఇంట్లోకి తెస్తే "డాక్టరు ఆటిజం అన్నాడు, ఇక్కడ వేరే రోగం రాశారేంటి" అని కొత్త గందరగోళం మొదలవుతుంది.

ఇది దొరకకపోతే ఆగిపోకండి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైటులో తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి. సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్ళ జాబితా కూడా తిరగేయండి. అవి ఆటిజం గురించి రాసినవి కాకపోయినా ఫరవాలేదు. జంతువు ఉన్నదున్నట్టు కనిపించే పేజీలు నాలుగు దొరికితే పని మొదలుపెట్టొచ్చు.

ముందు మీరు ఒంటరిగా చదవండి

పక్కన పెన్సిలు, చిన్న కాగితపు చీటీలు పెట్టుకోండి. ప్రతి పేజీ దగ్గర ఆగి, ఇది మా పిల్లవాడిలో ఉందా అని ఆలోచించండి. ఉంటే తెలుగులో ఒక్క వాక్యం రాసి చీటీ అంటించండి. లేకపోతే ఆ పేజీని క్లిప్పు పెట్టి మూసేయండి.

ఇలా మూసేయడం చాలా అవసరం. ఆటిజం ఉన్న ఇద్దరు పిల్లలు ఒకలా ఉండరు. పిల్లుల పుస్తకం తెరిస్తే ఎత్తుకోవడం ఇష్టపడని పిల్లి ఎక్కడో తగులుతుంది. మా వాడు దానికి పూర్తిగా ఎదురు, గట్టిగా హత్తుకుంటేనే కుదుటపడతాడు. అలాంటి పేజీ చదివి ఉంటే మా అత్తయ్యగారు ఆ రోజునుంచి వాణ్ణి దగ్గరికి తీసుకోవడం మానేసేవారు.

చీటీ మీద రాసే తెలుగు మీ వంటింట్లో మాట్లాడే తెలుగే కావాలి. "శ్రవణ సంవేదన అధికం" అని రాస్తే ఆ కాగితం వృథా. "కుక్కర్ కూత దీనికి చెవిలో సూదిలా గుచ్చుకుంటుంది" అని రాయండి.

మొదటిసారి చదివేటప్పుడు

పిల్లవాడు స్కూల్లోనో నిద్రలోనో ఉన్న వేళ చూసుకోండి. వాడు వింటుండగా వాడి గురించి చర్చ పెట్టకూడదు. మాటలు రాని పిల్లలకు మన మాటలు అర్థం కావనుకోవడం పెద్ద పొరపాటు. పెద్దవాళ్ళ చేతిలో ఏదో ఒక పని ఉంటే ఇంకా మంచిది. చేతులు పనిలో ఉంటే వినేవాళ్ళకు పాఠం చెప్పించుకుంటున్నట్టు ఉండదు.

ఆ రోజు మా అత్తయ్యగారు మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. నేను పక్కన చేరి, ఫొటోలు భలే ఉన్నాయి చూడండి అని పుస్తకం తెరిచాను. ఆటిజం అన్న మాట ఎత్తలేదు. నాలుగే పేజీలు చదివాను. మూడో పేజీలో పిల్లి చెవులు వెనక్కి అణిచిపెట్టి ఒక మూలకి నక్కి ఉంది. చీటీ మీద నేను రాసుకున్నది చదివాను. ఆవిడ గింజ తీయడం ఆపి, అద్దాలు సర్దుకుని ఫొటో దగ్గరికి వంగారు.

"మన గంగి కూడా అంతే. ట్రాక్టరు చప్పుడైతే పలుపు తెంపుకునేది."

నేను మాట్లాడలేదు. ఇంకో రెండు గింజలు తీశాక ఆవిడే అన్నారు. "వీడు కుక్కరు కూతకి మంచం కిందికి దూరేది అందుకేనంటావా అమ్మాయ్?"

నేను రెండేళ్ళు చెప్పినా ఎక్కని మాట అది. ఆవిడ నోటే వచ్చింది. అందుకే మీక్కూడా గట్టిగా చెప్తున్నాను. "చూడండి, అచ్చం మనవాడిలాగే ఉంది కదా" అని మీరు అనకండి. నాలిక చివరిదాకా వస్తుంది, ఆపుకోండి. ఆ పోలిక వాళ్ళకు వాళ్ళుగా పట్టుకోవాలి. ఆ రోజు పట్టుకోకపోతే పుస్తకం మూసి ఇంకోరోజు తీయండి. పది నిమిషాలు మించితే అది క్లాసు అయిపోతుంది.

పేజీ నుంచి ఇంట్లోకి

పోలిక కుదిరిందని సంతోషపడి అక్కడే ఆగిపోతే ఏమీ మారదు. వాళ్ళు పోలిక పట్టుకోగానే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "మరి గంగి బెదరకుండా మీరేం చేసేవాళ్ళు?" జవాబు వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఒక పేజీకి ఇంట్లో ఒక మార్పు, అంతకంటే వద్దు.

చెవుల పేజీ మా ఇంట్లో తెచ్చిన మార్పు ఇది. మర్నాడు పొద్దున పచ్చడికి మిక్సీ పెడుతూ అత్తయ్యగారు స్విచ్ మీద చెయ్యి ఆపి, "నాన్నా, మిక్సీ వేస్తున్నా" అన్నారు. వాడు లేచి బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. మిక్సీ ఆగాక తిరిగొచ్చాడు. ఆ రోజు ఏడుపు లేదు. ఇక్కడ ఒక వివరం మీ మనసులో ఉంచుకోండి. మనిషి చెవి సన్నటి శబ్దాలను సుమారు 20,000 హెర్ట్‌జ్ దాకా వింటే పిల్లి చెవి 60,000 దాటి కూడా వింటుంది. మన పిల్లవాడి సంగతి అది కాదు. వాడి చెవి అందరి చెవి లాంటిదే. లోపలికొచ్చిన శబ్దాల్లో దేన్ని పక్కన పెట్టాలో మెదడు తేల్చుకోలేక అన్నీ ఒకేసారి మీదపడతాయి. పోలిక ఎక్కడిదాకా నిలుస్తుందో, ఎక్కడ ఆగుతుందో మీకు తెలిసి ఉండాలి. ఎవరైనా "అయితే వీడికి చెవులు మరీ బాగా వినిపిస్తాయన్నమాట" అంటే సరిదిద్దగలగాలి.

కళ్ళలోకి చూడకపోవడం ఇంకో పేజీ. తెలియని పిల్లి కళ్ళలోకి గుచ్చి చూస్తే అది దాన్ని బెదిరింపుగా తీసుకుంటుంది. పిల్లుల్ని పెంచినవాళ్ళు కళ్ళు నెమ్మదిగా ఆర్పుతూ చూపు తిప్పుకుంటారు. ఆటిజం ఉన్న చాలామంది పెద్దయ్యాక చెప్పే మాట ఏమిటంటే, కళ్ళలోకి చూస్తుంటే వినడం కష్టమవుతుందని. కాబట్టి ఈ పేజీ తర్వాత ఇంట్లో మానేయాల్సింది "నా కళ్ళలోకి చూసి చెప్పు" అనే మాట. గడ్డం పట్టుకుని ముఖం తిప్పడం అసలే వద్దు.

గేదెలు, ఆవులు తెలిసిన ఇళ్ళకు టెంపుల్ గ్రాండిన్ గురించి తప్పక చెప్పండి. 1947లో బోస్టన్‌లో పుట్టిన ఆవిడకు ఆటిజం ఉంది. పశువిజ్ఞానంలో ప్రొఫెసరు, కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్తారు. పశువులు నడిచే దారిలోకి తనే దిగి, వాటి కంటికి ఏం కనిపిస్తోందో చూసేవారు. వేలాడే గొలుసు, నేలమీద పడ్డ నీడ, నీళ్ళగుంటలో మెరుపు, కంచె మీద ఎవరో వేసిన కోటు... మనం పట్టించుకోని ఇలాంటివే మందనంతా ఆపేస్తాయని చూపించారు. చిన్నప్పుడు అరిజోనాలో బంధువుల పశువుల క్షేత్రంలో, టీకాలేసేటప్పుడు ఆవుల్ని రెండువైపులా నొక్కిపట్టే చట్రం ఉండేది. అందులో నిలబడ్డ ఆవులు కొన్ని నెమ్మదించడం చూసి, తన కోసం అలాంటి యంత్రమే చేసుకున్నారు. గట్టిగా హత్తుకుంటే మా వాడెందుకు కుదుటపడతాడో మా అత్తయ్యగారికి ఈ ఒక్క కథతో అర్థమైంది. పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు ఇప్పుడు ఆవిడే ముందు లోపలికెళ్ళి, సీరియల్ లైట్లు ఎక్కడున్నాయి, బ్యాండువాళ్ళు ఎక్కడ నిలబడ్డారు చూసొచ్చి, ఏ వరసలో కూర్చోవాలో చెప్తారు.

వేరే బొమ్మల పుస్తకంలో చిలక పేజీ తగిలితే కాస్త జాగ్రత్త. విన్న మాటనే తిరిగి అనే పిల్లలకు ఆ పోలిక సరిపోయినట్టే ఉంటుంది కానీ, "చిలకపలుకులు" అంటే మనకు అర్థం లేని మాటలని లెక్క. పిల్లవాడు "నీళ్ళు కావాలా?" అని మన ప్రశ్ననే మనకు అప్పజెప్పినప్పుడు చాలాసార్లు వాడికి నీళ్ళు కావాలనే. ఆ పేజీని నేను క్లిప్పు పెట్టి మూసేశాను.

మీ ఇంటి పుస్తకం మీరే చేయండి

కొన్న పుస్తకం దారి చూపిస్తుంది, నిలబడేది ఇంట్లో చేసుకున్నదే. ఏ4 కాగితాలు ఓ పన్నెండు చాలు. ఎడమ పేజీలో జంతువు, కుడి పేజీలో మీ పిల్లవాడు. ఎడమవైపు చెవులు అణిచిన పిల్లి, కింద "దీనికి పెద్ద చప్పుడు పడదు." కుడివైపు హెడ్‌ఫోన్ పెట్టుకున్న మీ వాడు, కింద "నాకూ పడదు. మిక్సీ వేసేముందు నాకు చెప్పండి." కుడి పేజీ ఎప్పుడూ ఏం చేయాలో చెప్పాలి, ఏం చేయకూడదో కాదు. "అరవకండి" బదులు "మెల్లగా చెప్పండి".

ఏడుస్తున్న ఫొటోలు, నేలమీద దొర్లుతున్న ఫొటోలు పెట్టకండి. రేపు వాడే తిరగేస్తాడు. కుదిరితే ఫొటోలు వాణ్ణే ఎంచుకోనివ్వండి, మాటలు లేకపోయినా వేలు పెట్టి చూపించగలడు. జెరాక్స్ షాపులో కలర్ ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, స్పైరల్ బైండింగ్ వేయించండి. కుట్టిన పుస్తకం కన్నా స్పైరల్ మేలు, పేజీ తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. రెండు కాపీలు చేయించి ఒకటి అమ్మమ్మగారింటికి పంపండి. సంక్రాంతి సెలవులకు వెళ్ళేముందే అక్కడికి చేరాలి. వెళ్ళాక, ఇల్లంతా చుట్టాలున్నప్పుడు, చదివే తీరిక ఎవరికీ ఉండదు.

అక్కలు, అన్నలు, చిన్నాన్న పిల్లలు

పిల్లలకు పోలిక చెప్పకుండా ఆగనక్కర్లేదు, వాళ్ళే వెంటనే అనేస్తారు. అయితే వాళ్ళు పిలుపు కూడా మార్చేస్తారు. మా ఆడపడుచు కొడుకు రెండురోజులు వాణ్ణి "పిల్లిగాడు" అని పిలిచాడు. కోప్పడకుండా అడిగాను, నువ్వు ఏ జంతువు అని. తనూ ఒక పేజీ చేసుకున్నాడు, వేడిపాలు ముట్టని పిల్లి ఫొటో పెట్టి. ఇంట్లో పిల్లలందరికీ తలో పేజీ ఉంటే ఎవరూ ఎవరినీ వెక్కిరించరు. అక్క ఉంటే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది, "వాడికి అన్నీ మాఫీ, నాకు మాత్రం తిట్లా?" అని. దానికి జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. ఆ అమ్మాయితో మీరు విడిగా గడిపే సమయమే జవాబు.

ఇక పిల్లవాడికే చూపించడం. తొందర లేదు. తనంతట తను పుస్తకం తీసినప్పుడు పక్కన కూర్చోండి. కొంతమంది పిల్లలు పోలికను అక్షరాలా తీసుకుంటారు, "నేను పిల్లిని కాదు" అని బాధపడతారు. అప్పుడు "అవును, నువ్వు పిల్లివి కాదు. పిల్లికి చప్పుడు నచ్చదు. నీకూ నచ్చదు. ఆ ఒక్కటే ఇద్దరికీ కలిసింది" అని నేరుగా చెప్పండి.

పుస్తకం చేయలేని పనులు

పిల్లులకు ఆటిజం ఉండదు. పుస్తకం చూసి పక్కింటి పిల్లవాడికి ఆటిజమని ఎవరూ తేల్చకూడదు. అనుమానముంటే పిల్లల డాక్టరు దగ్గరికి, చాలా జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వం నడిపే డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల ఇబ్బందులను ముందే గుర్తించే కేంద్రం), హైదరాబాద్ చుట్టుపక్కలవాళ్ళయితే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీకి తీసుకెళ్ళండి. మన దేశంలో ఆటిజాన్ని అంచనా వేసే ఐసా అనే కొలమానం ఆ సంస్థలోనే తయారైంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది కాబట్టి సర్టిఫికెట్టుకు, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డుకు అర్హత ఉంటుంది. స్పీచ్ థెరపీ మానేసి పుస్తకం చదవకండి, పుస్తకం చదువుతూ థెరపీకి వెళ్ళండి. పూర్తిగా నయం చేస్తామని డబ్బు అడిగేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి.

ఇంటి పుస్తకాన్ని ఏడాదికోసారి తీసి చూడండి, పిల్లవాడు పెరుగుతుంటాడు కాబట్టి. ప్రతి పేజీ వెనకా తేదీ వేసి ఉంచితే ఏది పాతబడిందో తెలుస్తుంది. మా వాడికిప్పుడు తొమ్మిదేళ్ళు. మొన్న దసరా సెలవుల్లో కూర్చుని కుక్కర్ పేజీ స్పైరల్ నుంచి తనే లాగేశాడు. విజిల్ అంటే ఇప్పుడు భయం లేదు, మూడు లెక్కపెట్టి నానమ్మకు చెప్తాడు. మిక్సీ పేజీ మాత్రం ఉంచాడు. దాని వెనక ఖాళీలో పెన్సిలుతో కొత్తగా రాశాడు, "డ్రిల్లింగ్ మిషన్ కూడా" అని.